మధ్యాహ్నపు గిన్నె

నేను వంటవాణ్ణి. బస్సు డిపో క్యాంటీన్‌లో పొద్దుటి వంట మొత్తం నా చేతి మీదే నడుస్తుంది. నాలుగు వందల మంది డ్రైవర్లు, మెకానిక్కులు నేను వండింది తిని పనిలోకి దిగుతారు. పదిహేనేళ్ళలో ఒక్కరు కూడా ప్లేటు పక్కకు నెట్టి లేచిపోలేదు. గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను. అలాంటి నా వంటని చూసి మూతి బిగించిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడ నా కూతురు. అప్పటికి ఆవిడ వయసు పదకొండు నెలలు.

పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది. నేనే ముద్దుగా ‘మిరియం’ అన్నాను, ఆ పేరే స్థిరపడిపోయింది. పేరు పెట్టేటప్పుడు సైజు గురించే ఆలోచించాను గానీ ఘాటు గురించి ఆలోచించలేదు.

మా ఆవిడ తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కొట్లకు వెళ్ళి కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూస్తుంది. సరిగ్గా ఉంటే ముద్ర వేస్తుంది, లేకపోతే కాటాతో పాటు కొట్టువాడి పరువు కూడా పట్టుకొస్తుంది. కాటా కింద అయస్కాంతం అంటించినవాణ్ణి, తూచేటప్పుడు చిటికెన వేలు ఆనించేవాణ్ణి గుమ్మంలోంచే పట్టేస్తుందని ఆవిడకి పేరు. ఇంట్లో నేను “కాస్త ఉప్పు ఎక్కువైందేమో” అంటే “కాస్త అంటే ఎంతండీ?” అని అడుగుతుంది. మాది ప్రేమ పెళ్ళి కాబట్టి ఎవరి మీదా నెపం వేయడానికి లేదు.

నేను క్యాంటీన్ నుంచి పదింటికి వస్తాను, ఆవిడ పదిన్నరకి తనిఖీలకు వెళుతుంది. ఒక్కోరోజు నేను ఎక్కుతుంటే తను దిగుతూ ఉండేది, మిరియం మెట్ల మీదే చేతులు మారేది. మా గొడవ కూడా చాలావరకు ఆ మెట్ల మీదే జరిగేది. గొడవ ఎప్పుడూ ఒక్కటే, ప్యాకెట్లు.

మీరూ చూసే ఉంటారు. అరచేతిలో ఇమిడేంత ప్యాకెట్, పైన చిన్న మూతి, దానికి తిప్పి తీసే బిరడా. లోపల పళ్ళదో కూరగాయలదో గుజ్జు. బిరడా తీసి పిల్ల చేతికిస్తే పీల్చేసుకుంటుంది. మా ఆవిడకి అవంటే ప్రాణం.

“ఆపిల్ అరవై రెండు శాతం, క్యారెట్ ముప్పై ఎనిమిది శాతం. వెనక రాసుంది. వంద గ్రాములంటే వంద గ్రాములేనండీ, నేను తూచి చూశాను” అనేది.

“ఎప్పుడో ఎక్కడో వండి మూత బిగించినదాన్ని పసిపిల్ల నోట్లో పెడతావా? కన్నతండ్రి వంటవాడై ఉండి?”

“మీ గిన్నెలో ఏముందో ఎక్కడ రాసుంది?”

“గుమ్మడికాయ! చూస్తే తెలియడంలా?”

“ఉందని తెలుస్తుంది. ఎంతుందో తెలియదు.”

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? నేను పిల్లని ఎత్తుకుని పైకి, ఆవిడ సంచి సర్దుకుని కిందికి. కింది అంతస్తు దాకా వెళ్ళాక కూడా ఏదో ఒక శాతం చెప్పేది.

పదకొండో నెలలో పిల్లల క్లినిక్‌కి తీసుకెళ్ళాం. నర్సు మిరియాన్ని కాటా మీద కూర్చోబెట్టింది. ఏడు కిలోల నూట ఇరవై గ్రాములు. రెండు నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే.

మా ఆవిడ ముందు కాటానే అనుమానించింది. “దీనికి ఆఖరుసారి ముద్ర ఎప్పుడు పడింది?” అంటూ సంచిలోంచి ఇత్తడి తూకపు రాళ్ళు తీసి, నర్సు నోరు తెరుచుకుని చూస్తుండగా ఒక్కొక్కటే పెట్టి పరీక్షించింది. కాటాలో తప్పు లేదు. అప్పుడు ఆవిడ మొహం పాలిపోయింది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. “కంగారు పడకండి. ఒక నెల చూద్దాం. ఏ పూట ఏం తిన్నదో, ఎంత తిన్నదో నోట్‌బుక్‌లో రాయండి. తిండి చాలకపోతే తిండి సంగతి చూద్దాం. సరిపడా తింటూ కూడా పెరగకపోతే మాత్రం లోపల ఏదో ఉన్నట్టు. రక్తపరీక్ష చేసి పెద్దాసుపత్రికి పంపాలి. మత్తు ఇచ్చి, గొంతులోంచి సన్నటి గొట్టం వేసి కడుపు చూస్తారు” అంది.

గొట్టం అన్నాక నాకు ఇంకేమీ వినపడలేదు. మిరియం డాక్టరమ్మ చేతిలో పెన్ను లాక్కోవాలని అవస్థ పడుతోంది. దాని మెడ నా మూడు వేళ్ళంత లేదు.

ఇంటికి వచ్చి పంపకాలు చేసుకున్నాం. పొద్దున ఒక ప్యాకెట్, సాయంత్రం రెండు ప్యాకెట్లు ఆవిడ వంతు. మధ్యాహ్నపు గిన్నె నా వంతు. “నెల తిరిగేసరికి ఎవరి తిండి ఒంటికి పడుతుందో తేలిపోతుంది” అన్నాను మీసం మెలేసి. నాకు మీసం లేదు, అది వేరే సంగతి.

వంటగట్టు మీద ఆవిడ ఒక చిన్న కాటా పెట్టింది. స్వయంగా పరీక్షించి, స్వయంగా ముద్ర వేసిన కాటా. పద్ధతి కూడా తనే చెప్పింది. తినిపించే ముందు గిన్నె తూచాలి. తినిపించాక గిన్నె, కింద పడ్డది, మూతి తుడిచిన గుడ్డ, అన్నీ కలిపి మళ్ళీ తూచాలి. ఎంత తేడా వస్తే అంత పాప కడుపులో ఉన్నట్టు.

ఇక్కడే ఆవిడ పొరపాటు పడింది. కొట్లలో మోసగాళ్ళని చూసి చూసి, మోసమంటూ జరిగితే కాటా దగ్గరే జరుగుతుందని ఆవిడకి అలవాటైపోయింది. గిన్నెకీ పాప నోటికీ మధ్య ఇంకో నోరు ఉండొచ్చని తోచలేదు.

మొదటి రోజు గుమ్మడికాయ, బంగాళాదుంప ఉడికించి, గరిటెడు పాలు, కాస్త వెన్న వేసి, జల్లెడ పట్టి మరీ చేశాను. నూట అరవై గ్రాములు. మిరియం మొదటి చెంచా తీసుకుంది, నా మొహంలోకి చూసింది, నాలుకతో బయటికి తోసేసింది. రెండో చెంచాకి పెదాలు బిగించేసింది. విమానం వస్తోందన్నాను, రైలు వస్తోందన్నాను, చివరికి మా డిపోలో ఉన్న బస్సులన్నీ ఆ నోటి ముందుకు వచ్చి వెనక్కి పోయాయి. తిన్నది తొమ్మిది గ్రాములు. రెండో రోజు బఠాణీలు, ఆరు గ్రాములు. మూడో రోజు కోడిగుడ్డు పచ్చసొనతో చేస్తే గిన్నె ఎగిరి గోడకి తగిలింది. గోడ గీకి తూచాను. నాలుగు గ్రాములు.

సాయంత్రం మా ఆవిడ రాగానే ఇదే మిరియం రెండు చేతులతో ప్యాకెట్ పట్టుకుని, కాళ్ళు ఊపుకుంటూ ఆఖరి చుక్క దాకా లాగేసేది. మా ఆవిడ ‘వంద’ అని రాసేది. దాని పక్కనే నా తొమ్మిది, నా ఆరు, నా నాలుగు. ఆవిడ ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

నాలుగో రోజు ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. ఆ రోజు ఆపిల్, క్యారెట్. నా చేతికే నేను మొక్కుకోవాలన్నంత బాగా కుదిరింది. మిరియం రెండు చెంచాలు ఉమ్మేసి మొహం తిప్పుకుంది. నాకా ఆకలి దంచేస్తోంది. పారబోయడానికి చేతులు రాలేదు. గిన్నె పట్టుకుని కిటికీ వైపు తిరిగి నాలుగు గుక్కల్లో ఊడ్చేశాను. అలవాటు చొప్పున తీసుకెళ్ళి కాటా మీద పెట్టాను. నూట నలభై ఎనిమిది గ్రాములు తేడా. రాయకుండా ఉండాల్సింది. రాశాను.

సాయంత్రం మా ఆవిడ చెప్పులు విప్పకుండానే వెళ్ళి నోట్‌బుక్ చూసింది. ఆ అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. “నూట నలభై ఎనిమిదా?” అని కళ్ళు తుడుచుకుంది. మా పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ కళ్ళు తుడుచుకోగా నేను చూడటం అది రెండోసారి. “ఏమండీ, మీ చేతిలో ఏదో ఉందండీ. నేనే అనవసరంగా మొండికేశాను” అని నా భుజానికి తల ఆనించింది. అలాంటప్పుడు నిజం చెప్పే మొగుడు ఎవడైనా ఉంటే నాకు చూపించండి.

రేపు నిజంగానే తింటుందిలే, అప్పుడు లెక్క సరిపోతుంది అనుకున్నాను. మర్నాడు తినలేదు. ఆ మర్నాడూ తినలేదు. నేను తిన్నాను. రోజూ ఒకే అంకె వస్తే అనుమానం వస్తుందని ఒకరోజు ఇరవై గ్రాములు వదిలేసేవాణ్ణి, ఇంకోరోజు గిన్నె నాకేసేవాణ్ణి. నేను కిటికీ వైపు తిరిగి తింటుంటే మిరియం తన కుర్చీలోంచి మెడ సాచి చూసేది, అదేదో ఆట అన్నట్టు చప్పట్లు కొట్టేది. పాలు తాగుతోంది కదా, ప్యాకెట్లు తింటోంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

రెండో వారంలో మా ఆవిడ సాయంత్రం రెండో ప్యాకెట్ మానేసింది. “మధ్యాహ్నం అంత తింటోందిగా, దాని పొట్ట ఎంతని? మీ వంటే తిననివ్వండి” అంది.

“పర్లేదు, ఇవ్వు. ప్యాకెట్ కూడా మంచిదే” అన్నాను. ప్యాకెట్ మంచిదన్న మాట నా నోట విని, జ్వరమేమోనని ఆవిడ నా నుదురు తాకి చూసింది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. మర్నాడు ఆవిడ వెళ్ళాక, ప్యాకెట్ ఒకటి ఇద్దామని అలమార దాకా వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేసి, అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాను. ఇస్తే నేను ఓడిపోయినట్టే అనిపించింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ రోజు నా కూతురి ఆకలి కన్నా నా వంట నాకు పెద్దదైపోయింది.

క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆవిడని అందరం గిన్నెల అక్క అంటాం. ఒకరోజు ఏప్రన్ తాళ్ళు వెనక ముడి పడక నేను గింజుకుంటుంటే చూసింది.

“ఏంటి తమ్ముడూ, ఒళ్ళు చేశావు? ఇంట్లో బాగా పెడుతున్నారా?”

“నేనే వండుకుంటున్నాను అక్కా.”

“మరి పాప ఎలా ఉంది? నెలలో పెరగాలన్నారుగా?”

“అలాగే ఉంది.”

అక్క తోమడం ఆపింది. నా పొట్ట వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. “పాపకి పెట్టేటప్పుడు పాపకే పెట్టు నాయనా” అని మళ్ళీ పనిలో పడింది. నాకు పొయ్యి దగ్గర పట్టని చెమట అక్కడ పట్టింది.

నెల తిరిగింది. క్లినిక్ కాటా మీద మిరియం ఏడు కిలోల తొంభై గ్రాములు. పెరగకపోగా ముప్పై గ్రాములు తగ్గింది.

ఈసారి మా ఆవిడ కాటాని అనుమానించలేదు. సంచి వైపు చెయ్యే పోలేదు. కుర్చీలో కూలబడి పాపని ఒళ్ళోకి లాక్కుంది.

డాక్టరమ్మ నోట్‌బుక్ మొదటి నుంచి చివరి దాకా తిరగేసింది. “ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళని నేను చూడలేదు” అంది. “మధ్యాహ్నం నూట నలభై, నూట యాభై. ఈ వయసుకి ఇది చాలా మంచి తిండి. అంటే తిండిలో లోపం లేదు. తింటోంది, ఒంటికి పట్టడం లేదు.” కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. “రక్తం ఇప్పుడే తీస్తాం. పెద్దాసుపత్రికి ఉత్తరం ఇస్తున్నాను, ఈ వారంలోనే చూపించండి.”

నర్సు రబ్బరు పట్టీ తెచ్చి మిరియం చేతికి చుట్టింది. అదేదో ఆటవస్తువు అనుకుని మిరియం నర్సుని చూసి నవ్వింది. నర్సు సూది కవరు చింపింది.

“ఆగండి” అన్నాను. “ఆ అంకెలు పాపవి కావు.”

డాక్టరమ్మ తలెత్తింది. “ఊరికే రాశారా?”

“ఊరికే కాదండీ, తూచే రాశాను. కాకపోతే తిన్నది నేను.”

నర్సు సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇక దాచి లాభం లేదని నేనే మళ్ళీ అందుకున్నాను. “మొదటి మూడు రోజులవి దానివే. తొమ్మిది, ఆరు, నాలుగు. మిగతా ఇరవై ఏడు రోజులవి నావి.”

మా ఆవిడ నా వైపు చూడలేదు. గది మూలనున్న పెద్దవాళ్ళ కాటా వైపు చూసింది. “ఎక్కండి” అంది.

“ఇప్పుడెందుకూ...”

“తమరు ఎక్కండి.”

మా ఆవిడ నన్ను ‘తమరు’ అన్నదంటే వ్యవహారం ముదిరిందని అర్థం. నోరు మూసుకుని ఎక్కాను. పోయిన నెలలోనే డిపోలో అందరికీ బరువులు చూశారు. నాది ఎంతో నేను మర్చిపోయాను గానీ ఆవిడ మర్చిపోతుందా?

“మూడు కిలోల వంద గ్రాములు పెరిగారు” అంది డాక్టరమ్మతో, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు. “ఆయన చెప్పింది నిజమే.”

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, కోపం ఆపుకోవడానికో నాకు తెలియలేదు. పట్టీ విప్పించింది. రాసిన ఉత్తరం నిలువునా చింపేసింది. “మూడు వారాలు టైమిస్తున్నాను. దానికి ఏది నచ్చితే అది పెట్టండి. ప్యాకెట్టా, ఇంటి వంటా అన్నది నాకు పట్టింపు లేదు. నిజం మాత్రం రాయండి. అప్పటికీ పెరగకపోతే ఈసారి గొట్టం తప్పదు” అని నా వైపు తిరిగి, “మీకు కాదు, పాపకి” అంది.

ఇంటికి నడిచి పదిహేను నిమిషాలు. పిల్లబండి తోస్తూ ఆవిడ ముందు, వెనక నేను. తిడుతుందని ఎదురుచూస్తూ నడిచాను. తిట్టినా బాగుండేది. సగం దారిలో ఒక మందుల షాపు ముందు ఆగింది.

“నేను సాయంత్రం ప్యాకెట్ తగ్గించాను” అంది. “మీ అంకె చూసి, నా చేత్తో నేను తగ్గించాను. అది ఆకలేసి ఏడిస్తే పళ్ళొస్తున్నాయనుకుని జోకొట్టాను.”

రోడ్డు మీద, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కాసేపటికి బండి పిడి మీద తన చేతులు ఒక పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. ఇద్దరం చెరో చెయ్యీ వేసి తోసుకుంటూ ఇంటికి వచ్చాం.

మర్నాడు గిన్నెల అక్కకి అంతా చెప్పాను. ముందు నా వీపు మీద ఒకటి వేసింది, తర్వాత నవ్వలేక బల్ల మీద కూర్చుండిపోయింది. “మా పెద్ద పిల్లలిద్దరికీ అన్నీ నా చేత్తోనే వండి పెట్టాను. మూడోవాడప్పుడు నాకు రెండు డ్యూటీలు. కొట్టు సీసాల్లో గుజ్జే వాడికి తిండి. ఇప్పుడు వాళ్ళ ముగ్గుర్నీ వరసగా నిలబెడతా, ఎవడు ఏది తిన్నాడో చెప్పు చూద్దాం” అంది. ఆ ముగ్గురూ నాకు తెలుసు. ముగ్గురూ తలుపు పట్టనంత ఉంటారు.

ఆ రోజు దారిలో నేనే ప్యాకెట్లు కొన్నాను. మధ్యాహ్నం ఒకటి మిరియం చేతికిచ్చి, ఇంకొకటి నేను నోట్లో పెట్టుకున్నాను. ఏదో ఒక తప్పు పట్టాలని శతవిధాల ప్రయత్నించాను. కొంచెం తీపి ఎక్కువ, అంతే. బాగానే ఉంది.

అప్పుడు మిరియాన్ని సరిగ్గా చూశాను. నెలంతా నేను దాని నోరే చూశాను గానీ దాని చేతులు చూడలేదు. ప్యాకెట్‌ని రెండు చేతులతో పట్టుకుంది. కావాలనిపిస్తే పీల్చింది, చాలనిపిస్తే దించి నాకేదో కబురు చెప్పింది, మళ్ళీ పీల్చింది. దాని మీదికి చెంచాతో ఎవరూ దండెత్తి రావడం లేదు. మొహంలో మొహం పెట్టి తింటావా లేదా అని గుడ్లురుముతూ ఎవరూ కూర్చోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. క్యాంటీన్‌లో ఏ డ్రైవరు నోట్లోనైనా నేను చెంచా కుక్కితే, అతనూ ఉమ్మేసేవాడే.

ఆ మర్నాడు మళ్ళీ వండాను, ఈసారి గుజ్జు చేయలేదు. క్యారెట్, బంగాళాదుంప, గుమ్మడికాయ వేలంత ముక్కలు కోసి, చిగుళ్ళ మధ్య నలిగేంత మెత్తగా ఉడికించి, కుర్చీ ముందున్న ట్రే మీద వదిలేశాను. చెంచా సొరుగులో పడేశాను. నా ప్లేటు తెచ్చుకుని ఎదురుగా కూర్చుని నా తిండి నేను తిన్నాను. దాని వైపు చూడకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. గోడ మీద క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాను. మిరియం ఒక క్యారెట్ ముక్క పిసికి జుట్టుకి రాసుకుంది. ఇంకోటి నేల మీదికి జారవిడిచి, ఎక్కడ పడిందో వంగి చూసుకుంది. మూడోది నోట్లో పెట్టుకుంది. ఉన్న రెండు పళ్ళతోనే నమిలింది, మింగింది, మళ్ళీ చెయ్యి చాపింది. ఆనందం పట్టలేక నేను ఆ నెల తేదీలన్నీ రెండోసారి చదివాను.

ఆ రోజు మా ఆవిడ మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. తనిఖీకి వచ్చిందని నాకూ తెలుసు, తనకీ తెలుసు. ఆఫీసు బట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ కింద ముక్కలు, నా చొక్కా మీద మరకలు, మిరియం జుట్టులో గుజ్జు, అన్నీ ఏరి తూచింది.

“పదిహేడు” అంది.

నా నూట యాభైల కింద పదిహేడు ఎంత చిన్నగా కనపడుతుందో అనుకున్నాను. ఆవిడ ఆ అంకె వేసి, దాని వైపే చూస్తూ కూర్చుంది. “పదిహేడు గ్రాములు తిన్నదండీ” అని మళ్ళీ అంది. ఆవిడ గొంతులో నవ్వుంది. నెల రోజులుగా ఆ నవ్వు కోసమే కదా నేను అన్ని గిన్నెలు నాకింది!

మూడు రోజులు అలాగే మధ్యాహ్నం వచ్చి తూచింది. నాలుగో రోజు పొద్దున చూస్తే కాటాని సంచిలో పెట్టుకుంటోంది.

“అదెందుకు తీసుకెళ్తున్నావు?”

“ఆఫీసుది. అక్కడే ఉండాలి.”

“మరి మధ్యాహ్నం తూకం?”

“మీరు చెప్పండి, నేను రాస్తాను.” అంతే అంది, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కాటా ఉన్నన్నాళ్ళు నాకు అబద్ధం మంచినీళ్ళంత తేలికగా ఉండేది. అది పోయాక ఒక్క ముక్క ఎక్కువ చెప్పడానికి కూడా నోరు రాలేదు. సాయంత్రం ఆవిడ పెన్ను పట్టుకుని కూర్చునేది, నేను ఎదురుగా నిలబడి అప్పజెప్పేవాణ్ణి. “ఆరు ముక్కలు తిన్నది, నాలుగు నేల మీద, ఒకటి నా జేబులో దొరికింది.” ఆవిడ అక్షరం మార్చకుండా రాసుకునేది. సాయంత్రాలు మళ్ళీ రెండు ప్యాకెట్లు. క్యాంటీన్‌లో పని ఎక్కువై నేను అలిసిపోయిన రోజున మధ్యాహ్నం కూడా ప్యాకెట్టే ఇచ్చి, అదీ చెప్పేవాణ్ణి. సెలవు రోజున ఆవిడ నా పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ క్యారెట్లు ఉడికించేది. “మెత్తబడే దాకా అంటే ఎన్ని నిమిషాలండీ?” అని నన్ను చంపుకు తినేది. వాదన మానేశామని కాదు. బిరడాలు గొంతుకు అడ్డం పడతాయని నేను, ముక్కలు అడ్డం పడతాయని ఆవిడ. కానీ ఇప్పుడు మెట్ల మీద కాకుండా ఇంట్లో, కూర్చుని వాదించుకుంటున్నాం.

మూడు వారాలయ్యాయి. క్లినిక్‌లో కాటా మీద కూర్చోబెట్టగానే మిరియం నర్సు మెడలో కార్డు లాగి నోట్లో పెట్టుకుంది. కార్డు విడిపించాక గానీ తూకం కుదరలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. నర్సు చదివింది. ఏడు కిలోల మూడు వందల నలభై. రెండు వందల యాభై గ్రాములు పెరిగింది. నేను వెళ్ళి గోడకి ఆనుకున్నాను.

డాక్టరమ్మ నోట్‌బుక్ తీసుకుంది. “పొద్దున ఒకటి, సాయంత్రం రెండు, ఇవి సరే. మధ్యాహ్నం ఇదేమిటి, మూడు రోజుల తర్వాత గ్రాములే లేవు? ‘ఏడు ముక్కలు తిన్నది, ఒకటి గోడకి.’ ‘ఈ రోజు వండే ఓపిక లేదు, ప్యాకెట్ ఇచ్చాను, సగం తిన్నది.’ ఇవి తూచలేదా?”

“లేదండీ” అంది మా ఆవిడ. “ఆయన చెప్పారు, నేను రాశాను.”

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి నన్ను ఎగాదిగా చూసింది. “ఈయన చెప్పారా?” అంది. “వీటిని నమ్మొచ్చా మరి?”

నేను నోరు తెరవబోయాను, నాకన్నా ముందు మా ఆవిడ అందుకుంది. పదేళ్ళ ఉద్యోగంలో తన చేత్తో పరీక్షించనిదే దేని మీదా సంతకం పెట్టని మనిషి.

“నమ్మొచ్చండీ. కావాలంటే సంతకం పెడతాను.”

డాక్టరమ్మ అక్కర్లేదంటున్నా వినలేదు. డాక్టరమ్మ చేతిలో పెన్నే అడిగి తీసుకుని, మధ్యాహ్నం వరస కింద తన పూర్తి పేరు రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. మిరియం ఆకలికి గొడవ మొదలుపెట్టింది, మేం ముగ్గురం ఇంటికి బయల్దేరాం.